బీరువాలో గుడ్డసంచి

ప్లాస్టిక్ కవర్‌ను తిట్టేవాళ్లందరికీ ఒక మనవి. అదే లేకపోతే ఈ దేశంలో గుడ్డసంచికి దిక్కెవరండీ? దుమ్ము పడకుండా, పురుగు పట్టకుండా దాన్ని కాపాడుతున్నది ఎవరనుకున్నారు? కవరే!

నమ్మకం కుదరకపోతే పెడన వెళ్లి నాంచారయ్యను అడగండి. చిన్నప్పటి నుంచీ కలంకారీ అచ్చులు వేస్తున్న మనిషి. పోయినేడు కోడలు ప్రసన్న ఆయన అచ్చుల షెడ్డులో కుట్టుమిషన్లు పెట్టించి, ఊళ్లో ఆడవాళ్లను పనికి కూర్చోబెట్టి, "మావయ్యగారూ, ప్లాస్టిక్‌కి బదులు మన సంచులు అమ్ముదామండీ" అంది. బందరులో మిఠాయి దుకాణం నడిపే శ్యాంబాబు, లడ్డూలు వేసివ్వడానికి కట్టల కొద్దీ సంచులు కొన్నాడు. నాంచారయ్య వాటి మీద నెమళ్లు వేశాడు, లతలు వేశాడు, చీరకు వేసినట్టు అంచు కూడా వేశాడు. సంచికి అంచెందుకని అడిగినవాళ్లతో మాట్లాడడం మానేశాడు.

ఇంకేం, సంచులు జనానికి తెగ నచ్చేశాయి. అదే కొంప ముంచింది!

చల్లపల్లిలో ఒకావిడ దాన్ని విప్పి దిండు గలీబు కుట్టించుకుంది. కూచిపూడిలో ఒక డాన్స్ మాస్టారు అందులో గజ్జెలు దాచుకున్నారు. గుడివాడలో ఒకరింట్లో ఏకంగా ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించారు, కింద ప్లాస్టిక్ పూలతో సహా. మిగతావాళ్లు బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టుకున్నారు, కవర్లో చుట్టి మరీ. కూరలకు మాత్రం చేతులూపుకుంటూ వెళ్లారు. అంత మంచి సంచిలో వంకాయలు వేస్తారా? మనకు ఆ మాత్రం కళాహృదయం లేదా!

శ్యాంబాబు పెడన వచ్చి కూర్చున్నాడు. "జనం ఆ సంచే మళ్లీ పట్టుకురావాలి కదండీ! ఒక్కరూ తేవట్లేదు, వచ్చినప్పుడల్లా కొత్తది అడుగుతున్నారు. మా ఆవిడే బీరువాలో దాచేసింది. జనం వాడే సంచి ఇవ్వగలిగితే చెప్పండి, ఏడాది పొడుగునా తీసుకుంటాను. లేదంటే మళ్లీ కవర్లే."

షెడ్డు నిలబడాలంటే ఆ ఒక్క ఆర్డరే గతి. ఆయన వెళ్లాక ప్రసన్న గొంతు తగ్గించి అడిగింది. "మావయ్యగారూ, కాస్త బాగోకుండా వేయండి."

నాంచారయ్యకు చెంప మీద కొట్టినట్టయింది. బాగా వేయమని తిట్టినవాళ్లున్నారు గాని, చెడగొట్టమని బతిమాలినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆ పూట అన్నం సహించలేదు. అయినా మిషన్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ల మొహాలు చూసి ఒప్పుకున్నాడు. నెమలిని తీసేశాడు. లతను తీసేశాడు. అంచు తీసేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి మూలన ఒక్క మామిడిపిందె మిగిలింది. దాన్నయినా వంకరగా వేద్దామని చూశాడు గాని చెయ్యి వినలేదు.

కొత్త సంచి పట్టుకుని బందరు వెళ్లాడు. శ్యాంబాబు తిరగేసి చూసి, "ఇది పర్లేదండీ" అన్నాడు. "చేపల మార్కెట్‌కే వెళ్తున్నాను, పదండి. మీరే వాడి చూపించండి. వాడారా, ఆర్డర్ ఖాయం."

నాంచారయ్య బొచ్చె చేప కోయించాడు. చేపలమ్మే ఆవిడ నెత్తురోడుతున్న ముక్కలు రెండు చేతులా ఎత్తి, "సంచి పట్టండి బాబాయిగారూ" అంది.

ఆయన సంచి తెరిచాడు. మూలనున్న పిందె కనబడింది. ఎర్రరంగు ఎంత బాగా పట్టిందో ఎండలో తెలిసింది. పక్కన శ్యాంబాబు చూస్తూనే ఉన్నాడు. షెడ్డు, మిషన్లు, కోడలు, అన్నీ గుర్తున్నాయి ఆయనకు. అయినా సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"కవరుందా అమ్మా?"

ఉందండీ! ఎందుకుండదు? నిషేధించి చాలా కాలమైంది కదా, బల్ల కింద కట్టలు కట్టలుగా ఉంది.

సంచి చెక్కుచెదరకుండా ఇంటికి చేరింది. పెడనలో షెడ్డు కూడా ఇప్పుడు అద్దంలా ఉంది. పనే లేకపోతే మురికి ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి?