వెలగని ప్లగ్గే పదివేలు

లోకంలో నూటికి తొంభై సంసారాలు చక్కగా పనిచేసే యంత్రాల వల్లే పాడవుతున్నాయి! ఈ మాట నోటికొచ్చినట్టు అనడం లేదు. తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం మైదానంలో మడత కుర్చీ వేసుకుని కూర్చుని చేసిన పరిశోధన ఇది. కాబట్టి పాఠకులారా, ఇవాళ నేను పాడైన గ్లో ప్లగ్గు తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

గ్లో ప్లగ్గంటే ఏమిటంటారా? అయ్యో, అది తెలియకుండానే ఇంత వయసొచ్చిందా మీకు! మా ఆయన ఎగరేసే బొమ్మ విమానం ఇంజను నెత్తిన బిగించే చిన్న లోహపు ముక్క అది. చిటికెన వేలి కొనంత ఉంటుంది. దాని పొట్టలో వెంట్రుకంత తీగ చుట్ట. బ్యాటరీ తగిలిస్తే ఆ తీగ ఎర్రగా కాగుతుంది, ఇంధనం అంటుకుంటుంది, ఇంజను మోగుతుంది. ఆపైన బ్యాటరీ తీసేసినా ఇంజను వేడికే తీగ వెలుగుతూ ఉంటుంది. ఉండాలి. మాది మాత్రం బ్యాటరీ తియ్యగానే ‘టప్’మని ఆగిపోతుంది.

‘ఎగరేసే’ అన్నాను కదూ? క్షమించాలి. ఎగరేద్దామనుకునే విమానం.

ఇందులో నష్టమేముంది చెప్పండి? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఎగరని విమానం ఈ భూప్రపంచంలో ఎక్కడా కూలలేదు! మా ఆయన స్నేహితుల విమానాలన్నీ ఎగిరాయి. ఇప్పుడెక్కడున్నాయవి? ఒకటి చెట్టుకొమ్మన, ఒకటి మురుగుకాలవలో, ఇంకొకటి పోలీస్ స్టేషన్ బల్ల మీద సాక్ష్యంగా. మాది మాత్రం రంగు చెదరకుండా డ్రాయింగ్ రూములో కూర్చుని ఉంది.

ఆరోగ్యం సంగతి చూడండి. ఇంజను అంటుకోకపోతే దాని ముందున్న పంకా రెక్కను కర్రతో కొట్టి తిప్పాలి. ఒక ఆదివారం ఆయన మూడు వందల అరవై సార్లు తిప్పారు. ఏ జిమ్ము చేయిస్తుందండీ అంత? ఈరోజున మా ఆయన కుడి భుజం పహిల్వానుది, ఎడమ భుజం ఆయన అసలు వృత్తి ప్రకారం కళ్లజోళ్ల దుకాణదారుది.

నన్నడిగితే ప్రతి యంత్రానికీ చట్టప్రకారం ఒక పాత గ్లో ప్లగ్గు బిగించాలి. సభల్లో మైకులకి, పై అంతస్తువాళ్ల డ్రిల్లింగ్ మెషీనుకి, ఎదురింటివాళ్ల మోటార్‌సైకిలుకి, మా ఆడపడుచు ఫోనుకి! నెల తిరిగేసరికి భూమ్మీద ఎంత ప్రశాంతత!

ఇక రోగనిర్ధారణకి వద్దాం. ఇంజను మొరాయిస్తే మా ఆయన మొదటి అనుమానం బ్యాటరీ మీద. రెండోది ఇంధనం మీద. మూడోది నా మీద. “ఈ డబ్బా నువ్వేమైనా కదిపావా?” అంటారు. ఆ తరవాతే ప్లగ్గు వంతు. డబ్బా తెరిచి ఇంకో ప్లగ్గు తీస్తారు. మంచి ప్లగ్గులూ, పోయిన ప్లగ్గులూ అన్నీ ఆ ఒక్క డబ్బాలోనే కాపురం. పోయినదాన్ని పారేయడానికి ఆయనకి మనసొప్పదు. “పాపం, మొన్నటిదాకా బాగానే వెలిగింది” అంటారు. అంచేత చచ్చిన ప్లగ్గు తీసి, ఎంతో జాగ్రత్తగా ఇంకో చచ్చిన ప్లగ్గు బిగిస్తారు.

ప్లగ్గు మంచిదో కాదో తేలాలంటే దాన్ని ఊడదీసి, బ్యాటరీ తగిలించి, తీగ వెలుగుతోందా అని చూడాలి. ఎండలో ఆ వెలుగు కనబడదు. అందుకని గొడుగు పట్టాలి. ఊరందరికీ కళ్లజోళ్లు అమ్మే పెద్దమనిషి తనకి చత్వారం వచ్చిందంటే ఒప్పుకోరు. అందుకని నా కళ్లు కావాలి.

“ఏమోయ్! ఓసారి ఇటు రా!”

ఆ పిలుపు కోసమే నేను తొమ్మిదేళ్లు ఎండలో కూర్చున్నాను. వారంలో మిగతా ఆరు రోజులూ ఆయన నాతో మాట్లాడేవి రెండే మాటలు. ఒకటి ‘ఊఁ’, రెండోది ‘ఆఁ’. అదే ఆదివారం, గొడుగు కింద, తలా తలా ఆనించుకుని వింటే...

“ఎలా ఉంది?”

“ఎర్రగా ఉందండీ.”

“ఎరుపంటే ఏ ఎరుపు? ముదురా, నారింజా?”

“నారింజలోకి దిగుతున్న ఎరుపు.”

“అన్ని చుట్టలూ వెలుగుతున్నాయా? నిదానంగా చూసి చెప్పు, కంగారేం లేదు.”

కంగారేం లేదట! ఇరవై ఆరేళ్ల కాపురంలో ఈ మనిషి నాతో కంగారు లేదన్నది ఆ గొడుగు కిందే. ప్లగ్గు చల్లారేలోపు ఊరికే కూర్చోలేం కదా, ఏదో ఒకటి మాట్లాడుకుంటాం. ఆయనకి చిన్నప్పుడు ఈత నేర్పిన మేనమామకి అసలు ఈతే రాదని నాకు తెలిసింది అలాగే. నాకు నొప్పి ఎడమ మోకాలికని ఆయనకి తెలిసిందీ అలాగే.

ఇంత చల్లటి సంసారంలో నిప్పులు పోసింది మా అమ్మాయే. పిల్ల బంగారమే, కాదనను. కానీ నాన్న పుట్టినరోజుకి ఓ మీటరు కొనుక్కొచ్చింది!

“ముల్లు ఆకుపచ్చ గీత మీదుంటే ప్లగ్గు మంచిది, ఎర్ర గీత మీద పడితే పోయినట్టు. ఇంక నువ్వు వంగి చూడక్కర్లేదమ్మా. నీ నడుముకీ మంచిది!”

అరగంటలో డబ్బా అంతా పరీక్ష పెట్టేసింది. ముప్పై ఏడు ప్లగ్గుల్లో ముప్పై ఒకటి చెత్తబుట్టలోకి పోయాయి. యంత్రాలొచ్చి మనుషుల ఉద్యోగాలు పోతాయని పేపర్లో చదివినప్పుడు నవ్వుకున్నాను. నా ఉద్యోగమే పోయింది. నోటీసు లేదు, వీడ్కోలు సభ లేదు.

ఆ తరవాత మూడు ఆదివారాలు ఇంజను ఒక్క దెబ్బకే అంటుకుంది. పిట్ట కొంచెం కూత ఘనం! విమానం ఎగిరింది. అబద్ధమెందుకూ, ముచ్చటగా ఎగిరింది. ఆయన ఆకాశంలోకి చూస్తూ పసిపిల్లాడిలా నవ్వారు. నేను లేచి చప్పట్లు కొట్టాను, “బాగుందండీ!” అని అరిచాను. ఆ మోతలో ఆయనకి వినబడలేదు. దింపడం, ఇంధనం పోయడం, మళ్లీ ఎగరేయడం. ఇంటికొస్తూ దారిలో “ఇవాళ ఎంత బాగా తిరిగిందో కదండీ” అన్నాను. “ఊఁ” అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

చెబితే సిగ్గుచేటు, చెప్పకపోతే ఈ వ్యాసమెందుకు? నా గోడు ప్లగ్గు గురించీ కాదు, మీటరు గురించీ కాదు. ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు మనుషులు నాలుగు మాటలు మాట్లాడుకోవాలంటే, ఏదో ఒకటి పాడవాల్సిందేనా?

నాలుగో ఆదివారం. ఆయన ఇంజను ముందు గొంతుకూర్చుని చాలాసేపు ఏదో కెలికారు. రెక్క తిప్పలేదు. ప్లగ్గు ఊడదీశారు, బ్యాటరీ, మీటరూ తగిలించారు, గొంతు సవరించుకున్నారు.

“ఏమోయ్, ఓసారి ఇటు రా. ఈ మీటరు సరిగ్గా చూపించట్లేదు.”

గొడుగు పట్టుకుని వెళ్లి పక్కన వంగాను. ముల్లు ఆకుపచ్చ గీత మీద నిటారుగా నిలబడి ఉంది. తలెత్తి ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూడకుండా ప్లగ్గునే చూస్తున్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“మీటర్లని నమ్మడానికి లేదు,” అన్నారు. “నువ్వు చూసి చెప్పు.”

చూశాను. తీగ చుట్టలన్నీ ఒక్కటీ మిగలకుండా ధగధగా వెలిగిపోతున్నాయి.

“కింది రెండు చుట్టలూ వెలగడం లేదండీ,” అన్నాను.

“నాకూ అలాగే కనిపించింది,” అన్నారాయన. “తొందరేం లేదు, కూర్చో. చల్లారాక మళ్లీ చూద్దాం.”