తుకుం అద్దాల కాన్పుగది

ప్రసూతి కేంద్రానికి గర్భిణులు రాకపోవడాన్ని మించిన భాగ్యం ఇంకోటి లేదు! గచ్చు మాయదు. పక్కగుడ్డలు నలగవు. పసిపిల్లల ఏడుపులతో సిబ్బందికి తలనొప్పి రాదు. నమ్మనివారు 1995లో మహారాష్ట్ర చంద్రపూర్‌లోని తుకుం పేటలో వెలసిన తల్లీబిడ్డల క్లినిక్ సంగతి వినండి.

దాన్ని అమర్చిన అనంతరావు ఇంజనీరుగా రిటైరై ఒక ట్రస్టులో చేరిన పెద్దమనిషి. చెడ్డవాడు కాడు పాపం! ఫారిన్ సరుకు బజారులోకి కొత్తగా దిగుతున్న రోజులవి. క్లినిక్ వెనక తెలుగు బస్తీలోని ఆడవాళ్లకూ బొంబాయి సుఖం అందాలన్నది ఆయన పట్టుదల.

అందుకే రోడ్డువైపు గోడంతా అద్దం బిగించాడు. ఎక్కాలంటే నిచ్చెన కావలసినంత ఎత్తు కాన్పుబల్ల తెప్పించాడు. ఇక ఏసీ! మే నెల చంద్రపూర్‌లో నర్సు కావేరి స్వెట్టర్ వేసుకుని డ్యూటీ చేసేది. గోడల మీద నీలికళ్ల పాపలు నవ్వేవారు. నోటీసులన్నీ ఇంగ్లీషే. వాటిలో పెద్దది, తోడు వచ్చినవాళ్లు బయటే ఉండాలన్నది.

రెండు నెలలైనా ఒక్క కాన్పు లేదు. "చూశావా కావేరీ, ఒక్క ఇన్‌ఫెక్షన్ కూడా రాలేదు!" అని అనంతరావు మురిసిపోయాడు.

కావేరికి మాత్రం మనసు బస్తీలోనే ఉంది. అక్కడ సావిత్రికి నెలలు నిండాయి. నిరుడు ఆమె తొలిబిడ్డ ఇంట్లోనే పుట్టి, ఊపిరందక పోయింది. ఈసారి ఇక్కడికే రమ్మని కావేరి నాలుగుసార్లు వెళ్లి బతిమాలింది.

ఒక పొద్దున సావిత్రి రానే వచ్చింది. నొప్పులతో, మంత్రసాని నర్సక్క భుజం పట్టుకుని. అద్దం దాకా వచ్చి ఆగిపోయింది. రోడ్డవతల బొగ్గు లారీ డ్రైవరు టీ తాగుతూ తిన్నగా ఆ బల్లనే చూస్తున్నాడు.

"గీ అద్దాల దుకాణంల ఎవలు కంటరు బిడ్డా?" అంది నర్సక్క. "అందరు సూడనీకి మనమేమన్న సర్కసా? పా సావిత్రీ, ఇంటికి పోదాం."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. కావేరి పరుగున వచ్చి సావిత్రి చెయ్యి పట్టుకుంది. "పోకు సావిత్రీ! నిరుడు ఏమయ్యిందో యాదికి లేదా? నీకేం గావాలె, జల్దీ చెప్పు!"

సావిత్రి పళ్లు బిగబట్టింది. "ఎవలు సూడద్దు. గంత ఎత్తు ఎక్కలేను. నర్సక్క నా పక్కపొంటి ఉండాలె."

అంతే! అద్దాలకు దుప్పట్లు వేలాడాయి. పరుపు నేలకు దిగింది. ఏసీ ఆగింది, స్టవ్ మీద నీళ్లు కాగాయి. నర్సక్క నోటీసు కిందనుంచే లోపలికి నడిచి, సావిత్రి వీపును తనకు ఆనించుకుని కూర్చుంది.

బిడ్డ పుట్టింది. ఏడవలేదు.

నర్సక్క బిడ్డ వైపు చాచిన చేతులు వెనక్కి తీసుకుంది. నిరుటి బిడ్డ పోయింది ఆ చేతుల్లోనే. కావేరి చప్పున బిడ్డ నోరూ ముక్కూ శుభ్రం చేసి, క్లినిక్‌లోని బుల్లి మాస్కు ఆనించి, దాని రబ్బరు బుడ్డి నొక్కి ఊపిరి ఊదింది. ఒకసారి, రెండుసార్లు, ఇంకోసారి. ఆడపిల్ల కెవ్వుమంది.

సావిత్రి అప్పుడు ఏడ్చింది. నర్సక్క కళ్లు తుడుచుకుని, "మీ సామాన్ల పనికొచ్చేది ఒక్కటన్న ఉన్నది బిడ్డా" అంది.

వారం తిరిగేసరికి గుమ్మం ముందు లైను! దుప్పట్లు చూసి అనంతరావు గుండె పట్టుకున్నాడు కానీ, ట్రస్టు పెద్దలు లైను చూసి పొంగిపోయారు. బస్తీ పద్ధతికి తగ్గ క్లినిక్ అంటే ఇదేనన్నారు. ఆడవాళ్లకు ఇంకా ఏమేం కావాలో తేల్చమని కమిటీ వేశారు. అయిదుగురు సభ్యులు, అయిదుగురూ మగవాళ్లే. ఒకాయనకైతే పెళ్లే కాలేదు! నిష్పక్షపాతమంటే అదీ!

"మీటింగుకు టీ చెప్పావా కావేరీ?" అన్నాడు అనంతరావు.

"చెప్పిన సార్. ఎనిమిది."

"మేం అయిదుగురమే కదమ్మా?"

కావేరి తలుపు తీసింది. బయట నర్సక్క చెప్పులు విడుస్తోంది. వెనకే సావిత్రి, ఒళ్లో పాప.

"మేం ముగ్గురం సార్" అంటూ కావేరి కుర్చీ లాక్కుంది. "పాపకు టీ వద్దు."