చేమగడ్డ సమరమున గోకని వీరుడు

మధ్యాహ్నమార్తాండుడు కిటికీ ఊచల నడుమగా దిగి, సింకు అంచున కాసేపు కూర్చుండి, గ్యాసుబండ వెనుకకు జారుకొనుచున్న వేళ, కుక్కరింకను కూయని ఆ ఘడియయందు, రెండవ అంతస్తు వాటాలోని ఇరుకు వంటింట ఒక మహాసంగ్రామము పుట్టినది. వినుడు. ఎక్కువ చెప్పను.

ఆ యింటి పెద్దాయన గడియారములు బాగుచేసి బతికినవాడు. సూక్ష్మచక్రకోవిదుడు, అచంచలాంగుళీవిరాజితుడు, మితభాషి. ఆయన ధర్మపత్ని దుంపకూరలను ఏరి కొనుటయందు, గోనెపట్టాపై గాలి తగులునట్లు పరచి దాచుటయందు ఎదురులేనిది. పెండ్లినాటి నుండి వారికొకటే వైరము. కోడిగుడ్డంత ఉండి, బొచ్చుతో మట్టితో వచ్చు ఆ కూరను ఆయన వైపువారు చేమగడ్డ యందురు. ఆమె వైపువారు చామదుంప యందురు. కొడుకు పుట్టినాడు, పెరిగినాడు, వానికి పెండ్లియు నైనది. కూర పేరు మాత్రము తేలలేదు.

ఆనాడు ఆమె ఎడమచేతి వేలు తెగియుండెను.

"ఈ పూట చామదుంపలు మీరు చెక్కుతారా?"

"చేమగడ్డలు."

"ఏదో ఒకటి. దురద పెడతాయి, చేతులకు నూనె రాసుకోండి."

"మావాళ్లెవరూ రాసుకోరు."

"మీవాళ్లెవరూ వంటింట్లోకే రారుగా."

అంతట ఆ వీరుని హృదయకుహరమున, "ఓసి గర్వోన్మత్తురాలా, అరచేతులు అగ్నికుండములైనను గోకని నా ధైర్యమును కన్నులారా కనుము" అను సింహగర్జన మారుమ్రోగెను. నోటితో మాత్రము, "పందెం" అన్నాడు.

"కూర దించేదాకా గోక్కోకుండా ఉంటే మీరన్న పేరే. ఒక్కసారి గోక్కున్నారా, ఇక ఈ ఇంట్లో ఎప్పటికీ దుంపే. ఏమ్మా, నువ్వే సాక్షి."

ఆసుపత్రిలో నర్సుగా చేయు కోడలు, "నన్నెందుకు లాగుతారత్తయ్యా" అనుచునే కుర్చీ లాగికొని కూర్చున్నది.

గడియారపు మనిషికి దుమ్ము శత్రువు. కావున ఆయన ముందుగా గడ్డలన్నిటిని కొళాయి క్రింద మెరయునట్లు కడిగినాడు. పొడిగా దులిపి, పొడి చేతులతో చెక్కవలసిన వస్తువది. తడి తగిలిన రెట్టింపు కరచును. ఆమె చూచినది. చెప్పబోయి, పందెము తలచుకొని, నోరు మూసుకొన్నది.

మొదటి గడ్డ లొంగినది. మూడవదానితో, బొటనవ్రేలి మొదట కాలుమోపి, అరచేతి మైదానమున గుడారములెత్తి, వ్రేళ్లసందుల నడుమ బారులుతీరి, మణికట్టు కోటకు నిచ్చెనలు వేసిన ఆ దుర్వారకండూతిసేన ఒక్కుమ్మడి విజృంభింపగా, నుదుట చెమట ముత్యములై రాలగా, ఆ మహనీయుడు పండ్లు కరచి, గోడను చూచుచు, కత్తిని వెంట్రుకవాసి వణకనీయక, గిన్నెలోని గడ్డలన్నియు దిగంబరములగువరకు పోరాడెను.

మూకుట కూర వేగుచున్నది. ఆయన ఎర్రబడిన చేతులను మోకాళ్లపై వెల్లకిల పెట్టుకొని కూర్చున్నాడు.

"దురదగా ఉందా?"

"లేదు."

"మీ మొహం. మాట్లాడితే కళ్లలో నీళ్లొచ్చేలా ఉన్నారు."

"పొగ."

వంటింట పొగ లేదు. ఆమె గరిటె ప్రక్కన పెట్టినది. "కడగొద్దని చెప్పాల్సింది" అని గొణుగుచు, నానిన చింతపండు ముద్ద తెచ్చి, మంచిచేతితో ఆయన అరచేతులకు పులిమి, గోళ్లతో బరబర గోకసాగినది. ఆయన కన్నులు తమంత తామే మూతపడినవి.

"అత్తయ్యా, గోకేశారు" అన్నది సాక్షి.

"గోకింది నేను కదా. ఆయన గోక్కోలేదుగా."

అన్న తరువాత గాని ఆ మాట ఎవరి పక్షమున పడినదో ఆమెకు తట్టలేదు. కోడలు పైటచెంగు నోటికడ్డము పెట్టుకొన్నది. పెద్దాయన కన్ను తెరవలేదు.

కూర దిగినది. కంచములు పెట్టిరి. ఆమె గరిటె ఎత్తి, గాలిలో ఆపి, ఎవరి మొగమును చూడక అడిగినది:

"ఇంకాస్త చామ..." కోడలు తలయెత్తినది. "...గడ్డ వేయనా?"

"వెయ్యి."

అట్లు ఆ ధీరోదాత్తుడు, అగ్నితుల్యమైన దురదను సహించి, పెండ్లినాటి వైరమున తొలిసారిగా శత్రుదుర్గము సొచ్చి, "గడ్డ"ను జయించెను. "చామ" ఇంకను ఆమె అధీనముననే యున్నది.