అర్ధ రూపాయి వడ్డీ

నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడు, మృగశిర కార్తెలో ఒక సోమవారం తెల్లవారుజామున పామిడి చుట్టుపక్కల పల్లెల్లో వాన దంచి కొట్టింది. సుంకప్ప పొద్దున్నే చేలోకి పోయి కాలి బొటనవేలితో మట్టి కెలికి చూశాడు. జానెడు లోతు పదును దిగింది. ఎర్రనేలలో ఆ తడి నాలుగు రోజులకు మించి నిలవదు. ఆలోగా తన ఆరెకరాల్లో వేరుశనగ పడితేనే ఆ ఏడు ఇంట్లో పొయ్యి వెలిగేది. ఎద్దులున్నాయి, విత్తే గొర్రు ఉంది. విత్తనమే లేదు. దాచుకున్న కాయలన్నీ పోయిన ఏడు కరువులో ఇంటిల్లిపాదీ వేయించుకు తినేశారు.

"నారాయణప్ప సావుకారి కాడికి పొయ్యి దుడ్లు తెచ్చుకో. రేపే విత్తుదాం," అంది భార్య కదిరమ్మ.

సుంకప్ప అలా గబుక్కున అప్పు చేసే రకం కాదు. అణా పెట్టి తమలపాకులు కొనాలన్నా నాలుగంగళ్లు తిరిగే మనిషి. అందుకని సోమవారమంతా తిరిగాడు. షావుకారు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అన్నాడు. విత్తనమే అప్పిచ్చే పెద్దరైతు, మూట తీసుకుంటే పంట మీద మూటన్నర కొలవమన్నాడు. పామిడి సహకార సంఘంలో మాత్రం నూటికి అర్ధ రూపాయేనట. కాకపోతే భూమి ఉన్న రైతు ఎవరైనా జామీను సంతకం పెట్టాలి. దారి పొడుగునా మనసులోనే అణాలను నయాపైసల లెక్కలోకి మార్చుకుంటూ, మిగిలే డబ్బుకు మురిసిపోతూ ఇల్లు చేరాడు. ఇంక షావుకారు మొహం చూసే పనే లేదని భార్యకు చెప్పాడు.

"పదును ఆరిపోతాది, చూసుకో," అని ఆమె మళ్లీ సంగటి కెలకసాగింది.

మంగళవారం సుంకప్ప పక్క చేని ఆదెన్నను జామీను అడిగాడు. తనకూ విత్తనం కావాలి కాబట్టి ముందు సుంకప్ప తనకు పెడితే తర్వాత తాను పెడతానన్నాడు ఆదెన్న. న్యాయమేగదా అనుకుని సుంకప్ప పెట్టాడు. ఆదెన్న డబ్బు తీసుకుని పంచె కొంగున ముడి వేసుకున్నాక, సుంకప్ప అప్పు కాగితం చూసి సంఘం గుమాస్తా తల అడ్డంగా తిప్పాడు. ఆదెన్న ఇప్పుడు సంఘానికి బాకీదారుడట. బాకీదారుడి జామీను చెల్లదట.

బుధవారం వీరప్పను పట్టుకున్నాడు. ఈసారి తెలివిగా, ముందు తనకే పెట్టమన్నాడు. వీరప్ప ఏమీ తెలివితక్కువవాడు కాదు.

"ముందు నీకు పెడితే నువ్వు బాకీదారుడైతావు. మళ్లా నాకెవడు పెడతాడప్పా?" అన్నాడు.

అదీ నిజమేననుకుని సుంకప్ప వీరప్పకు కూడా సంతకం పెట్టాడు. జరిగింది మంగళవారం జరిగిందే. గురువారం మద్దిలేటితో గట్టిగా మాట్లాడుకుని, ఇద్దరి కాగితాలూ ఒక్కసారే బల్ల మీద పెట్టారు. గుమాస్తా పైనున్న కాగితం ముందు తీశాడు. అది మద్దిలేటిది.

శుక్రవారానికి అప్పే అక్కర్లేని ముసలాయన హనుమంతప్ప దొరికాడు. ఎదురు జామీను అడగకుండానే చక్కగా సంతకం గీకాడు. సుంకప్పకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. గుమాస్తా పుస్తకం తిరగేసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మూడప్పులకు జామీను ఉన్నోనికి నాలుగో అప్పు ఎట్ల ఇస్తామప్పా?"

ఇంటికి వస్తూ చేలో బొటనవేలితో కెలికితే దుమ్ము లేచింది. పక్క చేలల్లో ఆదెన్న, వీరప్ప, మద్దిలేటి అప్పటికే విత్తి, గొర్రు కడుక్కుని ఇంటికి పోయారు. కదిరమ్మ మూడు రోజులు అతని పళ్లెంలో ఒట్టి సంగటే వేసింది.

ఆ తర్వాత నలభై రోజులు చినుకు రాలలేదు. మొలిచిన వేరుశనగ మొలిచినట్టే మాడిపోయింది. ఊళ్లో విత్తినవాళ్లంతా తల మీద గుడ్డేసుకుంటే, విత్తనం పారబోసుకోని రైతు సుంకప్ప ఒక్కడే మిగిలాడు. ఎంత ముందుచూపు అనుకున్నారు జనం. ఏ అప్పు మేలో, ఎప్పుడు విత్తాలో అడగడానికి పొరుగూరి నుంచి కూడా వచ్చారు. సుంకప్ప అరుగు మీద బాసింపట్టు వేసుకుని, ఆ సోమవారం గాలి వాలు చూసినప్పుడే తనకు అనుమానమొచ్చిందని చెప్పసాగాడు. కదిరమ్మ సంగటి ముద్ద మీద నెయ్యి కూడా వేసింది.

కార్తీకంలో సంఘం గుమాస్తా సైకిలు మీద వచ్చి, అరుగు మీదున్న నలుగురి ముందే మూడు నోటీసులు చేతికిచ్చాడు. ఆదెన్న, వీరప్ప, మద్దిలేటి కట్టలేమని చేతులెత్తేశారు కాబట్టి జామీనుదారు కట్టాలట.

"నేను ఒక్క నయాపైసా తీసుకోల్యా గదా సామీ," అన్నాడు సుంకప్ప.

"తీసుకోనోళ్ల పుస్తకం మా కాడ లేదప్పా. సంతకం పెట్టినోళ్లదే ఉండాది," అన్నాడు గుమాస్తా.

సలహాకు వచ్చిన జనం ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు. కదిరమ్మ గడపలో నిలబడి, నూటికి వడ్డీ ఎంతని గుమాస్తానే అడిగింది. అర్ధ రూపాయన్నాడు. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"మొత్తానికి తక్కువ వడ్డీకే తెచ్చినావు."