గురక మీద గురువుగారి పత్రం

ఆ రోజు భౌతికశాస్త్ర విభాగాధిపతిగారి కార్యక్రమం తేలికైనదే. పదింటికి సభలో పరిశోధన పత్రం చదవాలి, పదకొండింటికి దండ వేయించుకోవాలి.

"సార్, చదివే ముందు ఒక్కసారి చూసుకుంటే..." అని కొత్త లెక్చరరమ్మ నసిగింది.

"చూసేదేముందమ్మా, నేను రాసిందేగా!"

రాసింది ఆవిడే. మనలాంటి దేశాల్లో పరిశోధన పత్రాలు ఏటికేడు పెరుగుతుంటే ఈ కాలేజీలో మాత్రం చెట్ల పత్రాలే రాలుతున్నాయని డైరెక్టరు మండిపడ్డాడు. ఏడాదికి ఒక్క పత్రమైనా అచ్చుకాకపోతే అధిపతికి కుర్చీ, లెక్చరరమ్మకి ఉద్యోగం ఊడతాయి. ల్యాబులో బతికున్న పరికరం శబ్దం కొలిచే మీటరొక్కటే. ఆవిడ దాంతోనే నలభై రోజులు కుస్తీపట్టి పత్రం రాసింది. అధిపతిగారు అలవాటుగా చదవకుండానే తన పేరు ముందు పెట్టించుకున్నారు. అది అచ్చయి కూర్చుంది.

"మధ్యాహ్న నిద్రలో గురక తీవ్రత!" అని మైకులో గర్జించారు అధిపతిగారు. "పరిశీలించిన వ్యక్తి వయసు యాభై నాలుగు. బట్టతల. గురక డెబ్బై ఒక్క డెసిబెల్స్. పక్కగది కిటికీ అద్దాలు అదురును."

సభ కిసుక్కుమంది. ఆయనకి హుషారొచ్చింది. "ఇది గురకా, గూడ్సుబండా? ఇతణ్ణి భరిస్తున్న ఇల్లాలికి దండం పెట్టాలి!"

మొదటి వరుసలో ఉన్న ఆయన భార్య చేతులెత్తి ఆ దండం అందుకుంది.

నవ్వులు ఆగాక డైరెక్టరు లేచాడు. "పత్రిక నుంచి ఉత్తరమొచ్చిందండీ. ఆ గురక మనిషి అంగీకార సంతకం సాయంత్రంలోగా పంపాలట. లేకపోతే పత్రం రద్దు."

లెక్చరరమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఎవరా నిద్రమొహం? లాక్కురండి, సంతకం నేను పెట్టిస్తా!" అన్నారు అధిపతిగారు.

"లాక్కురానక్కర్లేదు సార్. ఇక్కడే ఉన్నారు" అంది లెక్చరరమ్మ.

"ఎక్కడ?"

"మైకు దగ్గర."

సభంతా మైకు వైపు తిరిగింది.

"ల్యాబులో కొలవడానికి ఇంకేం లేదు సార్. మీ గదిలోంచి మాత్రం రోజూ రెండింటికి ఠంచనుగా శబ్దం వచ్చేది."

"నేను గురకపెట్టనే!"

"ఇరవై ఏడేళ్ళ నుంచీ ఇదే మాట!" అంది భార్య. "ఇప్పుడు మీరే అచ్చు వేయించారుగా. మీ పేరే ముందుంది!"

కాదంటే కుర్చీ పోతుంది, ఔనంటే పరువు పోతుంది. ఆయన చూపు అంగీకార కాగితం చాచి నిలబడ్డ లెక్చరరమ్మ మీద పడింది. జేబులోంచి పెన్ను తీశారు.

"డెబ్బై ఒకటేనా? సరిగ్గా కొలిచావా తల్లీ?"

"రోజుకి మూడుసార్లు సార్."

సంతకం పెట్టారు. చప్పట్ల మోత మాత్రం డెబ్బై ఒకటి దాటింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన గది తలుపుకి కొత్త బోర్డు వేలాడింది: 'లోపల పరిశోధన జరుగుచున్నది. తలుపు తట్టరాదు.'