బిర్యానీ డబ్బాలో నీలికళ్ళ పురుగులు

అయ్యా, అమ్మా! పిల్లల్ని పెంచి అలసిపోయారా? పురుగుల్ని పెంచండి! కుక్క మొరుగుతుంది, పిల్లి పాలు తాగేస్తుంది. పురుగో? ఆకు తింటుంది, ఎదురు చెప్పదు. ఇంకేం కావాలి?

ఈ జ్ఞానం నాకు ప్రసాదించింది మా ఆవిడ రెహానా. తిరువూరులో ఓ ప్రైవేటు బడిలో సైన్సు టీచరు. మొన్న ఆగస్టులో మా పెరటి నందివర్ధనం మీద ఐదు పురుగులు కనబడ్డాయి. వేలెడంత పొడుగు, ఆకుపచ్చ ఒళ్ళు, తోక మీద చిన్న కొమ్ము, తల వెనక రెండు నీలికళ్ళు!

పక్కింటి పిచ్చమ్మగారు గోడ మీంచి తొంగిచూసి, "అమ్మాయ్, మందు కొట్టెయ్. చెట్టుని బోడి చేసి పారేస్తాయి" అంది. రెహానా మందు కొట్టలేదు. వాటిని ఖాళీ బిర్యానీ డబ్బాలో వేసి భోజనాల బల్ల మీద పెట్టింది.

ఎన్ని లాభాలనుకున్నారు! మా ఇంటికొచ్చిన చుట్టాలెవరూ మారు అన్నం అడగలేదు. రోజూ నడవమని డాక్టరు మూడేళ్ళుగా మొత్తుకున్నా నేను కదల్లేదు. చెట్టు బోడి అయ్యాక మాత్రం తెల్లారగానే సంచి పట్టుకుని, ఎవరింట్లో నందివర్ధనం ఉందా అని వీధులన్నీ తిరిగాను. పురుగా, మజాకా!

రెహానా డబ్బాని ఎనిమిదో తరగతికి తీసుకెళ్ళింది. ఎప్పుడూ ఆవలించే పిల్లలు బెంచీలెక్కి చూశారట. అనూహ్య అనే పిల్ల అడిగింది: "టీచర్, ఆ నీలికళ్ళతోనే చూస్తుందా?"

"మీరే కనిపెట్టండి" అంది రెహానా.

పిల్లలు నీలికళ్ళ ముందు చీపురుపుల్ల అటూ ఇటూ ఆడిస్తే పురుగు పట్టించుకోలేదు, ఒంటికి తాకిస్తే మాత్రం ఆ కళ్ళనే ఉబ్బించింది. చివరికి తేల్చారు. అవి కళ్ళు కావు, పిట్టల్ని బెదిరించే వేషం! ఆ కేకలకి కరస్పాండెంటు సీతారామారావుగారు పరుగెత్తుకొచ్చారు.

"ఏంటి మేడం ఈ గోల? పరీక్షలో వస్తుందా ఇది?"

"రాదు సార్."

"మరి ఇంటికి పంపించేయండి. పురుగుల్ని! కీటకాల జీవితచక్రం నాలుగు మార్కులు, ఇరవైసార్లు చదివించండి చాలు."

ఎంత దూరదృష్టి! రెహానా ఆ సాయంత్రం డబ్బాని మళ్ళీ భోజనాల బల్ల మీద పెట్టి తాజా ఆకులు వేసింది. వారానికి పురుగులు గోధుమరంగుకి మారి డబ్బాలో పరిచిన ఎండాకుల కింద దూరి ప్యూపాలయ్యాయి. కొన్నాళ్ళకి ఐదూ ఆకుపచ్చ, గులాబీ రంగుల రెక్కలతో మా పెరట్లోంచే ఎగిరిపోయాయి. చూడ్డానికి మేమిద్దరమే ఉన్నాం.

ఈ వేసవిలో బస్టాండు ఎదుట ఓ ఫ్లెక్సీ వెలిసింది. ఆరోజు క్లాసులో ఎవరో తీసిన ఫోటోనే! డబ్బా చుట్టూ పిల్లలు, మధ్యలో బారెడు పురుగు, పక్కన నమస్కారం పెడుతూ సీతారామారావుగారు! "ప్రయోగాలతో చదువు మా ప్రత్యేకత. అడ్మిషన్లు జరుగుచున్నవి." మా ఆవిడ కూడా ఉందండోయ్! డబ్బా పట్టుకున్న చెయ్యి మాత్రమే, మోచేతి వరకూ.

నిన్న ఒక తల్లి రెహానాకి ఫోన్ చేసింది. "ఫ్లెక్సీ చూసే మా పాపని చేర్పించామండీ. పురుగుల క్లాసు ఏ రోజు మేడం?"



"రోజూ జరుగుతోందండీ, బస్టాండు ఎదురుగా" అంది రెహానా. "పాపని తీసుకెళ్ళి చూపించండి."