ఫణిభూషణం గారు విన్న నాటకం

ఒక పెద్ద అడవిలో వినడం కూడా ఒక ఉద్యోగమే. పాటలు, హరికథలు, నాటకాలు ఏవి వచ్చినా విని, బాగున్నాయో లేదో తేల్చి చెప్పడానికి శ్రవణ మండలి అని ఒకటుండేది. ఆ మండలికి ప్రధాన సమీక్షకుడు ఒక జెర్రిపోతు. పేరు ఫణిభూషణం గారు. జెర్రిపోతుకి పడగెక్కడిదని నన్నడక్కండి, పేరు పెట్టేటప్పుడు వాళ్ళమ్మ కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు.

పడగ సంగతి అలా ఉంచండి, ఆయనకి చెవులు కూడా లేవు.

మరి ఆ పదవి ఎలా వచ్చిందంటారా? మండలి కార్యదర్శి నక్క జంబుకరావు గారు ఒకసారి కోడి కోసం పక్క ఊరెళ్ళారు. అక్కడ మనుషులు ఒక కుర్రాణ్ణి చూసి "అబ్బో, వీడివి పాము చెవులు! ఎంత మెల్లిగా అన్నా వినేస్తాడు" అనుకుంటున్నారు. కోడి దొరకలేదు గానీ ఈ ముక్క దొరికింది. "మనుషులంతటివాళ్ళు ఒప్పుకున్న చెవులు! మన ఖాళీ భర్తీ అయిపోయింది" అంటూ మర్నాడే ఆర్డరు తీసేశారు. పాముకి చెవులెక్కడున్నాయని ఏనుగు గొణిగింది గానీ, ఉద్యోగం రానివాళ్ళు ఎన్నయినా అంటారని ఎవరూ పట్టించుకోలేదు.

ఫణిభూషణం గారు కూడా నోరు విప్పలేదు. ఆయన భయం ఆయనది. అంతకుముందు ఆయన కాపురం వరిపొలం గట్టు మీద, ఎలుక కన్నంలో. తల బయట పెడితే చాలు, కర్ర దొరికినవాడు కర్రతో, రాయి దొరికినవాడు రాయితో. "నేను జెర్రిపోతునయ్యా బాబూ, విషం లేనివాణ్ణి" అని చెప్పుకునే వ్యవధి ఒక్కడిస్తేనా! ఆయన అన్నగారు, మేనమామ ఆ గట్టు మీదే పోయారు. ఇప్పుడేమో మండలివారిచ్చిన పుట్ట. ఆరు ద్వారాలు, చుట్టూ ముళ్ళపొదలు, ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. పదవి పోతే పుట్ట పోతుంది, మళ్ళీ ఆ గట్టే గతి. అందుకని పదకొండేళ్ళుగా చెవులున్నట్టే బతుకు వెళ్ళదీస్తున్నారు.

అదేం పెద్ద కష్టం కాలేదు కూడా. జంతువులు ఎదురుగా మాట్లాడితే మూతి కదలిక చూసి మాట పట్టేసే విద్య ఆయనకి పట్టుబడింది. కచేరీ అయితే ఇంకా సులువు. ఆయన వేదిక వైపు చూసేవారే కాదు, జనాన్ని చూసేవారు. జింకలు కళ్ళు తుడుచుకుంటే "కరుణ రసం పండింది" అని రాసేవారు. ఎలుగుబంటి ఆవలిస్తే "ద్వితీయార్ధంలో బిగి సడలింది" అని రాసేవారు. తోకతో ఇసుకలో రాస్తే, కోతి ఆకుల మీద నకళ్ళు తీసి చెట్టు చెట్టుకీ తగిలించేది. చదివినవాళ్ళు "ఆహా, మా మనసులో ఉన్నదే రాశారండీ!" అనేవాళ్ళు. ఉండదూ మరి! వాళ్ళ మొహాల్లోంచి ఎత్తి రాసిందేగా.

ఇలా సాఫీగా వెళ్ళిపోతుండగా అడవిలోకి పాడ్‌కాస్ట్ వచ్చిపడింది.

తెచ్చింది సుభాషిణి అనే గోరింక. పడుచు పిల్ల, ఎవరి గొంతయినా దించేస్తుంది. తనే అన్ని పాత్రలూ పలికి, "ఏడో చుక్క మీద ఎవరు?" అని ఎనిమిది భాగాల సైన్స్ ఫిక్షన్ మిస్టరీ తయారుచేసింది. ఒక్కో భాగం చిలకలకి నేర్పి వదిలేది. కావలసినవాళ్ళు ఒక చిలకని పిలిచి, తమ కొమ్మ మీదో గుహలోనో కూర్చోబెట్టుకుని ఎప్పుడంటే అప్పుడు వినొచ్చు. "కాస్త ఆపు" అంటే ఆపుతుంది, "వెనక్కెళ్ళు" అంటే వెనక్కెళుతుంది. మధ్యలో "ఈ భాగాన్ని సమర్పిస్తున్నవారు తేనెటీగల సహకార సంఘం" అనడం మాత్రం ఎంత బతిమాలినా మానదు.

కథ సంగతి కూడా చెప్పాలి. మిణుగురులు మోసే ఓడలో జింక, కుందేలు, ముళ్ళపంది, తాబేలు కలిసి ఏడో చుక్క దగ్గరికి ప్రయాణమవుతాయి. పైకి పోయేకొద్దీ రోజుకొకరి గొంతు మాయమైపోతుంది. నోరు ఆడుతుంది, మాట ఉండదు. గొంతులు దొంగిలిస్తున్నదెవరు? అడవి అడవంతా నిద్రాహారాలు మాని ఇదే చర్చ.

ఫణిభూషణం గారికి మాత్రం గొంతులో వెలక్కాయ పడింది. ఎవరి చెట్టు మీద వాళ్ళు, ఎవరి చిలకతో వాళ్ళు వింటుంటే ఆయన ఎవరి మొహం చూసి రాయాలి? చిలక మూతి చూద్దామా అంటే, ఆ వంకర ముక్కు "అమ్మా" అన్నా ఒకటే, "చచ్చాను" అన్నా ఒకటే.

"మూడు భాగాలయ్యాయి, తమరి సమీక్ష ఏదండీ?" అని జంబుకరావు గారు రెండుసార్లు గుర్తుచేశారు.

ఇక తప్పక ఒక చిలకని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. చిలక మూడు భాగాలూ ఏకబిగిన వినిపించింది. ఆయన రెప్పవెయ్యకుండా చూశారు. పాములకి రెప్పలు లేవనుకోండి, అయినా చూశారు. కనబడింది కనబడినట్టు రాసేశారు.

"నాటకమంతా ఒక గాఢమైన ఆకుపచ్చ రంగులో సాగుతుంది. కంఠం చుట్టూ కనిపించే ఎర్రని వలయం సుదూర గ్రహాలను స్ఫురింపజేస్తుంది. రెండో భాగంలో జామకాయ కొరికే ఘట్టం జీవితేచ్ఛకు ప్రతీక. మూడో భాగంలో ఒంటికాలిపై నిలబడే సన్నివేశం కొంత సాగదీతగా అనిపించింది. ఇక దొంగ ఎవరన్నది ఈ సమీక్షకుడు ఇప్పటికే కనిపెట్టాడు. తాబేలు!"

తాబేలెందుకంటే, చిలక చెబుతున్నంతసేపూ కింద నుంచి ఒక తాబేలు నడిచి వెళుతోంది. చిలక దానివైపు రెండుసార్లు చూసింది. ఆధారం బలంగానే ఉందనుకున్నారు పాపం.

ఆ సమీక్ష చెట్లకెక్కిన పూట ఆయన గడప దాటలేదు. ఎవరో ఒకరు వచ్చి "వినే నాటకంలో రంగేమిటండీ?" అని నిలదీస్తారని పుట్టలో ముడుచుకు కూర్చున్నారు. ఎవరూ రాలేదు. సాయంత్రానికి ధైర్యం చేసి బయటికొస్తే, కుందేళ్ళు రెండు దారిలో మాట్లాడుకుంటున్నాయి.

"నీకు ఆకుపచ్చ కనిపించిందా వదినా?"

"కనిపించకపోవడమేమిటి! మొదటి భాగంలోనే. నీకు కనబళ్ళేదా ఏమిటి కొంపదీసి?"

"అయ్యో, నాకెందుకు కనబడదూ! జామకాయ దగ్గర ఏడుపాగలేదనుకో."

కోతి సొంతంగా ఒక సమీక్ష రాసి, ఆకుపచ్చలో మూడు ఛాయలున్నాయంది. ఎలుగుబంటి ఆ ఒంటికాలి సన్నివేశం అసలు సాగదీతే కాదని వాదించి ఇద్దరితో మాటలు మానేసింది. ఏనుగు ఒక్కటీ "నేను నాలుగుసార్లు విన్నానర్రా, జామకాయ లేదు" అంటే, "పెద్ద చెవులుంటే చాలదు, రసహృదయం ఉండాలి" అని దాని నోరు మూయించారు.

ఇక్కడితో ఆగితే ఈ కథ చెప్పక్కర్లేదు. ఏడు భాగాలయ్యాక జంబుకరావు గారు పుట్టకొచ్చారు.

"తమరి సమీక్ష మండలి ముద్రతో వెలువడింది కాబట్టి అది తప్పు కావడానికి వీల్లేదు. ఆ గోరింక పిల్లేమో ఆఖరి భాగంలో దొంగ తాబేలు కాదంటోంది! మార్చమని ఉత్తర్వు ఇచ్చాం. తాబేలే దొంగ కావాలి, జామకాయ కూడా ఎక్కడో అక్కడ ఇరికించాలి. ఎల్లుండికి తమరి తుది సమీక్ష ఇస్తే, దాని ప్రకారం ఎనిమిదో భాగం చిలకలకి నేర్పిస్తాం."

"అదేమిటండీ, నాటకం రాకముందే సమీక్షా?"

"అలా అయితే తేడా రాదు కదండీ" అన్నారు జంబుకరావు గారు.

నక్క అటు వెళ్ళగానే ఇటు సుభాషిణి వచ్చి పుట్ట ముందు వాలింది. కళ్ళనిండా నీళ్ళు.

"బాబాయిగారూ, మీకు దండం పెడతాను. ఏడాది కష్టపడి అల్లుకున్న కథ. పొరపాటు పడ్డానని మీరొక్క ముక్క రాస్తే నా నాటకం బతుకుతుంది."

పిట్ట ముక్కు చూసి మాట పట్టడం ఆయనకి చేతకాదు. పదకొండేళ్ళ అలవాటు కొద్దీ గంభీరంగా తలాడించి, "చాలా బాగుందమ్మా. మూడో భాగం మరీనూ" అన్నారు.

సుభాషిణి బిత్తరపోయింది. ఆయన మొహంలోకి ఒక్క క్షణం తేరిపార చూసి, మెల్లిగా అంది. "బాబాయిగారూ, మీ పుట్టకి నిప్పంటుకుంది."

"నీ కృషి అలాగే కొనసాగించమ్మా" అన్నారాయన.

అంతా అర్థమైపోయింది ఆ పిల్లకి. కోపంతో ఎగిరి, పక్కనే పడున్న బోలు దుంగ మీద వాలి, "అయ్యో నా ఖర్మ!" అని ముక్కుతో టపటపా కొట్టుకుంది. ఆ దుంగకి ఆనుకున్న ఫణిభూషణం గారి ఒళ్ళు జల్లుమంది. ఉలిక్కిపడి దవడ దుంగకి ఆనించారు. సుభాషిణి మామూలు పిట్ట కాదు గదా, చప్పున దుంగ తొర్రలో తల దూర్చి పిలిచింది.

"బాబాయిగారూ!"

బొంగురుగా, ఎక్కడో ఎముకల్లోంచి ఆ పిలుపు ఆయనకి అందింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన విన్న మొదటి మాట అది. "ఆఁ" అన్నారు.

"అసలు కథ చెబుతాను, వింటారా?"

మొదటి భాగం నుంచి ఎనిమిదో భాగం దాకా చెప్పింది. ఆయన దవడ తియ్యలేదు. ఓడ బయల్దేరే చప్పుడు, మిణుగురుల పాట, జింక గొంతు మాయమైన క్షణం, అన్నీ విన్నారు. భయమేసి రెండుసార్లు చుట్ట చుట్టుకున్నారు. ఆఖరికి తెలిసిందేమిటంటే దొంగే లేడు. ఏడో చుక్క దగ్గర గాలి లేదు. గొంతులు ఎవరివీ పోలేదు, వినికిడి పోయింది, అందరికీ పోయింది. తనకొక్కదానికే వినబడటం లేదని ఎవరికి వారు సిగ్గుపడి, విన్నట్టే తలాడిస్తూ ఓడని దారి తప్పించేశారు.

ఫణిభూషణం గారు భోరుమన్నారు.

"ఇది నా కథేనమ్మా. నీకెలా తెలిసింది?"

"మీ కథని నాకేం తెలుసు బాబాయ్? మా ఇంట్లో అందరూ ఇంతే" అంది సుభాషిణి.

మర్నాడంతా ఆయన పుట్ట లోపలికీ బయటికీ తిరిగారు. అబద్ధం రాస్తే పుట్ట ఉంటుంది. నిజం రాస్తే ఆ పొలం గట్టు, ఆ కర్రలు. అన్నగారు జ్ఞాపకం వచ్చారు, మేనమామ జ్ఞాపకం వచ్చాడు. "ఎందుకొచ్చిన గొడవ, తాబేలని రాసేస్తే పోలా" అని తోక ఇసుకలో పెట్టారు కూడా. "తా" దాకా రాశారు. జింక గొంతు మళ్ళీ ఎముకల్లో మోగినట్టయింది. చెరిపేసి ఇలా రాశారు.

"నాకు చెవులు లేవు. పుట్టుకతోనే లేవు. ఇన్నాళ్ళూ మీ మొహాలు చూసి రాశాను. మొన్న రాసింది చిలకని చూసి రాశాను. ఆకుపచ్చ చిలకది, జామకాయ చిలక తిన్నది. నిన్న మాత్రం ఈ నాటకం నిజంగా విన్నాను. ఒక్క అక్షరం మార్చొద్దు. ఇంత మంచి నాటకం నేను వినలేదు. నిజానికి ఇంకేదీ వినలేదనుకోండి."

మండలి అత్యవసరంగా సమావేశమైంది. మోసగాడని తరుముతారనుకుంటూ ఫణిభూషణం గారు తలొంచుకుని నిలబడ్డారు. జంబుకరావు గారు మాత్రం ఎంతో ఆప్యాయంగా దగ్గరికొచ్చారు.

"పదకొండేళ్ళుగా తమరికి చెవులు లేవంటే, తమరిని వేసిన మాకు కళ్ళు లేవనుకోరూ జనం? అందుకని జరిగింది అది కాదు. తమరి చెవులు దివ్యంగా పనిచేశాయి, మొన్నటి సమీక్ష దాకా. నిన్ననే పోయాయి. పెద్దతనం కదండీ!"

"నిన్ననే గదయ్యా మొదటిసారి విన్నాను!"

"చూశారా, లక్షణాలు ముదిరిపోయాయి" అన్నారు జంబుకరావు గారు సభవైపు తిరిగి. కొంగ వైద్యుడు అక్కడికక్కడే చెవుడు వచ్చినట్టు ధ్రువపత్రం ఇచ్చేశాడు. చెవులు పరీక్షించావా అని అడిగే ఏనుగుని ఆ రోజు లోపలికి రానివ్వలేదు.

వీడ్కోలు సభ ఘనంగా చేశారు. "ఆయన చెవులు ఈ అడవికే అలంకారం" అని జంబుకరావు గారు గంటన్నర మాట్లాడారు. ఫణిభూషణం గారు వేదిక చెక్కకి దవడ ఆనించి ఒక ఉపన్యాసం మొత్తం విన్నారు, అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ వినకపోవడం వల్ల తనకి జరిగిన మేలు ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది.

ఆ ఖాళీలో వానపాముని వేశారు. దానికి చెవులూ లేవు, కళ్ళూ లేవు. ఇంకొకసారి చిలకని చూసి పొరపాటు పడే ప్రమాదం ఉండదని మండలి తీర్మానించింది. "ఏడో చుక్క మీద ఎవరు?" ఆఖరి భాగంలో తాబేలు జామకాయ తింటూ దొరికిపోయింది. దానికి ఆ ఏడు ఉత్తమ ఛాయాగ్రహణం బహుమతి కూడా వచ్చింది. బహుమతి తీసుకోవడానికి సుభాషిణి వెళ్ళలేదు.

ఫణిభూషణం గారు పొలం గట్టుకి వెళ్ళిపోయారు. ఇప్పుడు గట్టుకి దవడ ఆనిస్తే మనుషుల అడుగులు దూరం నుంచే వినబడతాయి, కర్ర పైకి లేచేలోపు కన్నంలో దూరిపోతారు. కన్నంలోకి దూరాక పైన వాళ్ళ మాటలు కూడా వినబడతాయి. "అబ్బ, వీడివి పాము చెవులురా, ఇట్టే పసిగట్టాడు!" అంటుంటారు.

నీతి: వినకుండా ఎన్నేళ్ళు తలాడించినా చెవులున్నట్టే లెక్క; విన్నది విన్నట్టు చెప్పిన రోజునే చెవుడొస్తుంది.